307 అన్నారు, 240 పడింది: కరువు పని కూలి లెక్క

2006 ఫిబ్రవరి 2న ఉపాధి హామీ మొదలైంది మా అనంతపురం జిల్లా బండ్లపల్లిలోనే. కాగితం మీద పేరు ఏదున్నా మావాళ్ల నోట్లో అది కరువు పనే. ఆరేళ్లుగా మా గుంపుకి నేను మేటిని, అంటే హాజరు వేసి పని చూసుకునే మనిషిని. పొద్దున మస్టరు అనే హాజరు పట్టీ, వారానికోసారి కొలత టేపు, కూలి పడినరోజు తిట్లు. "307 అంటివే, నాకు 240 పడిందేమ్మా?"

2025-26కి ఆంధ్రాలో, తెలంగాణలో రోజుకూలి 307 రూపాయలే. కానీ మా దగ్గర మట్టి పనికి కూలి కొలతను బట్టే. పది మంది ఆరు రోజులు తవ్వితే అరవై పనిదినాలు. కందకం పొడవు, వెడల్పు, లోతు కొలిచి, నేల మెత్తదా గట్టిదా చూసి విలువ కడతారు. అది 15,000 అయితే తలకు రోజుకు 250. అందరికీ 307 పడాలంటే 18,420 రూపాయల పని తేలాలి.

ఇప్పుడు బెంగళూరులో ఉన్నోడి పేరు "పోనీలే, మనోడే" అని మస్టరులో ఎక్కించామనుకోండి. దినాలు 66 అవుతాయి, అదే పనికి కూలి 227కి దిగుతుంది. పోయేది సర్కారు సొమ్మనుకుంటారు గానీ, పక్కన పార పట్టిన అక్క కూలి అది. ఈ మాటన్నందుకు మా చిన్నాయన ఏడాదిగా నాతో మాట్లాడడు.

కొలత రోజు టేపు రెండో కొస మీరే పట్టుకోండి. గట్టి నేల తగిలితే అప్పుడే పిలిచి చూపించండి. పోయినేడు శనివారం కావాల్సిన కొలత సోమవారానికి జరిగింది, ఆదివారం వాన కొట్టి కందకం సగం పూడింది. రెక్కలు విరుచుకున్నది మట్టిలో కలిసింది. అప్పట్నుంచి రోజూ దిగేముందు కట్టెకు గాటు పెట్టి లోతు గుర్తు పెడుతున్నా. చెరువు పూడిక తీసేటప్పుడు మధ్యలో చిన్న దిబ్బ తవ్వకుండా వదిలేస్తాం, ఎంత లోతు తీశామో అదే చెబుతుంది.

ఎవరు రావచ్చంటే, పల్లెలో ఉంటూ పద్దెనిమిదేళ్లు నిండి ఒళ్లొంచే ఎవరైనా. రేషన్ కార్డు అక్కర్లేదు, పొలమున్నా అడ్డు కాదు. జాబ్ కార్డుకు పైసా ఇయ్యొద్దు, పదిహేను రోజుల్లో రావాలి. వంద రోజులు మనిషికి కాదు, ఇంటికి. కొత్త కోడలి పేరు పుట్టింటి కార్డులో తీయించి ఇక్కడ చేర్పించండి. 2025 డిసెంబరులో పార్లమెంటు చేసిన కొత్త చట్టంలో రోజులు 125. నేను చెప్పేదంతా ఇన్నాళ్లూ నడిచిన 2005 చట్టం సంగతి.

పని నోటితో అడిగి ఊరుకోవద్దు. కాగితం రాసిచ్చి, తేదీ వేసిన రసీదు తీసుకోండి. పదిహేను రోజుల్లో పని చూపకపోతే మొదటి ముప్పై రోజులు కూలిలో నాలుగోవంతు, తర్వాత సగం భృతి ఇవ్వాలని చట్టం. రసీదు లేకుంటే ఏ తేదీ నుంచి లెక్కపెడతారు? పని అయిదు కిలోమీటర్లు దాటితే కూలి మీద పది శాతం ఎక్కువ.

హాజరు ఫోటో రోజుకు రెండు సార్లు. రెండోది తీయకముందే గంప నెత్తిన పెట్టుకుని ఇంటికి పోతే ఆ దినం ఎగిరిపోయినట్టే.

మస్టరు ముగిసిన పదిహేను రోజుల్లో డబ్బు పడాలి. దాటితే పదహారో రోజు నుంచి, రావాల్సిన కూలి మీద రోజుకు 0.05 శాతం పరిహారం. వెయ్యికి అర్ధరూపాయి, నవ్వొస్తుంది గానీ అడగండి. అడిగేముందు మాత్రం ఆధార్ చివరిగా ఏ బ్యాంకు ఖాతాకి ముడిపడిందో చూసుకోండి, కూలి పోయేది దానికే. మా తోడికోడలు రెండు నెలలు కూలి రాలేదని నాతో కొట్లాడింది. ఎప్పుడో అప్పు కోసం తెరిచి మర్చిపోయిన ఖాతాలో వారం వారం పడుతూనే ఉంది.