ఏసీ అవుట్‌డోర్ ఆగట్లేదా? గ్యాస్ నింపించే ముందు ఈ రెండు పరీక్షలు చేయండి

శ్రీకాకుళంలో మా అమ్మ వాళ్లింట్లో ఏసీ రాత్రి పదికి వేస్తే తెల్లారేదాకా కట్ ఆఫ్ అయ్యేది కాదు. వచ్చిన మెకానిక్ గ్యాస్ తక్కువైందని నింపి వెళ్లాడు. వారం తిరక్కుండా మళ్లీ అదే గోల. తీరా చూస్తే లోపం సర్క్యూట్ బోర్డు మీది రిలేలో (కంప్రెసర్‌కి కరెంటు ఇచ్చి ఆపే చిన్న స్విచ్) ఉంది. అలా ఇంకెవరి డబ్బూ పోకూడదనే ఇది రాస్తున్నాను.

ముందు మీది ఇన్వర్టర్ ఏసీయేమో చూసుకోండి. అదైతే గది చల్లబడ్డాక కూడా అవుట్‌డోర్‌లోని కంప్రెసర్ వేగం తగ్గించుకుని తిరుగుతూనే ఉంటుంది, అది లోపం కాదు. మామూలు ఏసీలో మాత్రం పెట్టిన డిగ్రీలు రాగానే కంప్రెసర్ ఆగాలి. ఒకటిన్నర టన్నుది గంటకు దాదాపు ఒకటిన్నర యూనిట్ లాగుతుంది. ఎనిమిది గంటలు ఆగకపోతే రాత్రికి 12 యూనిట్లు.

మొదటి పరీక్ష: గది కాస్త చల్లబడ్డాక రిమోట్‌లో 30 పెట్టి, అవుట్‌డోర్ దగ్గర నిలబడి వినండి. పది నిమిషాల్లోపు ఆగిందంటే గది వేడిని కొలిచే సెన్సరు, బోర్డు పనిచేస్తున్నట్టే. అంటే మామూలుగా పెట్టుకునే డిగ్రీల దగ్గర గది వేడిని లాగలేకే ఆగట్లేదు.

రెండోది: రిమోట్‌తో ఏసీ ఆపేయండి. ఇండోర్ ఆగిపోయి, ఐదు నిమిషాల తర్వాత కూడా అవుట్‌డోర్ తిరుగుతుంటే రిలే గానీ, అదే పని చేసే పెద్ద స్విచ్ కాంటాక్టర్ గానీ అతుక్కుపోయింది. వెంటనే ఎంసీబీ దించేయండి. లోపల ఫ్యాన్ లేకుండా కంప్రెసర్ నడిస్తే కాయిల్‌కి మంచు కట్టి, ఆవిరి కాని ద్రవం కంప్రెసర్‌లోకి వెళ్లి దాన్నే పాడుచేస్తుంది. వోల్టేజ్ పడిపోయినప్పుడు కాంటాక్టర్ టకటకలాడుతుంది, ఆ నిప్పురవ్వలకు పాయింట్లు కరిగి అంటుకుంటాయి. అరగదీసి మళ్లీ పెడతామంటే ఒప్పుకోవద్దు, కొత్తది వేయించండి. రిలే ఒక్కటే పోతే బోర్డంతా మార్చక్కర్లేదు, బోర్డులు బాగుచేసేవాళ్లు రిలే మార్చి ఇస్తారు. స్టెబిలైజర్ లేకపోతే పెట్టించండి. అవుట్‌డోర్ మూత మాత్రం మీరు విప్పకండి. కరెంటు తీసేసినా కెపాసిటర్‌లో ఛార్జ్ ఉండి షాక్ కొడుతుంది.

30 పెట్టినా ఆగదు, రిమోట్‌తో ఆపితే ఆగుతుంది అంటే అనుమానం సెన్సరు మీదే. ఫిల్టర్ వెనక కాయిల్ ముందు క్లిప్పులో ఉండే చిన్న పూస అది. సర్వీసింగ్‌లో ఊడి పక్కకు జరిగిందేమో చూడమనండి. రిమోట్‌లోనే సెన్సరు ఉండే ఏసీలూ ఉన్నాయి. ఆ ఆప్షన్ ఆన్‌లో ఉండి, రిమోట్ ఎండ పడే కిటికీలో ఉంటే గది ఇంకా వేడిగానే ఉందనుకుంటుంది.

సీలింగ్‌లో డక్టులున్న సెంట్రల్ ఏసీ అయితే, గోడ మీది థర్మోస్టాట్‌లో ఫ్యాన్ బటన్ "ఆటో"లో ఉందో లేదో మొదట చూడండి. "ఆన్"లో ఉంటే చల్లదనం సరిపోయినా గాలి ఆగదు.

ఇక వేడిని లాగలేని ఏసీ సంగతి. మన దగ్గర ఎక్కువగా కనిపించేది ఇదే. ఫిల్టర్ రెండు వారాలకోసారి కడగండి. కళింగపట్నం వైపు సముద్రం దగ్గరి ఇళ్లలో ఉప్పుగాలికి అవుట్‌డోర్ కాయిల్ మీది సన్నని రేకులు తినేసుకుపోతాయి, మంచినీళ్లతో తరచూ కడిగించాలి. పై అంతస్తు గదిలో పగలంతా కాగిన స్లాబు అర్ధరాత్రి దాకా వేడి దించుతూనే ఉంటుంది. అలాంటి గదిలో 18 పెడితే ఏ ఏసీ ఆగదు. 2020 జనవరి నుంచి కొత్త ఏసీలు 24 డిగ్రీల డిఫాల్ట్‌తో రావాలన్నది నిబంధన. 25 పెట్టి సీలింగ్ ఫ్యాన్ వేసుకుంటే ఉక్క తెలియదు.

ఇవన్నీ అయ్యాకే గ్యాస్ మాట. అది పెట్రోలులా వాడకానికి అయిపోదు, తగ్గిందంటే ఎక్కడో లీకుంది. పైపు నట్ల దగ్గర నూనె మరక కనిపిస్తే అక్కడే అనుమానించండి. నైట్రోజన్ ఎక్కించి లీకు పట్టుకుని, పైపుల్లోని గాలి, తేమ లాగేసి (వాక్యూమ్ చేసి), తూకం ప్రకారం గ్యాస్ నింపమనండి.