ల్యాబ్‌లో బాగున్న ప్రొటీన్ మందు ట్యాంకులో ఎందుకు చెడుతుంది? సమస్యలు - పరిష్కారాలు

నెల్లూరు, ఒంగోలు కాలేజీల్లో బయోటెక్ చదివి, హైదరాబాద్ వైపు ప్లాంట్లలో చేరిన పిల్లలు అడిగే ప్రశ్న దాదాపు ఒక్కటే: "లీటరు చేసినప్పుడు బాగానే వచ్చింది, 2,000 లీటర్లకు పోగానే ఎందుకు పాడైంది?" పెద్ద ట్యాంకులో ప్రొటీన్ ఎక్కువసేపు ఆగుతుంది, ఎక్కువ పంపులు దాటుతుంది. అందుకే తేడా కనిపించిన చోటే తవ్వకుండా, దాని ముందు మెట్టు చూడండి.

హార్వెస్ట్ (కణాల నుంచి ప్రొటీన్ ద్రవాన్ని వేరుచేయడం) తర్వాత యాంటీబాడీ విడిపోయింది

ప్రొటీన్లను సైజు ప్రకారం విడదీసే నాన్ రెడ్యూసింగ్ జెల్‌లో (ఇందులో డైసల్ఫైడ్ బంధాలను ఊడదీయరు) యాంటీబాడీకి 150 కిలోడాల్టన్ల దగ్గర ఒకే పెద్ద బ్యాండ్ ఉండాలి. కింద 75, 50, 25 దగ్గర కూడా బ్యాండ్లు వస్తే చాలామంది వెంటనే ప్రొటియేజ్‌ని (ప్రొటీన్‌ని కోసే ఎంజైమ్‌ని) అనుమానిస్తారు. తొందరపడకండి. అదే శాంపిల్‌ని రెడ్యూసింగ్ జెల్‌లో, అంటే ఆ బంధాలను ఊడదీసి, నడపండి. 50, 25 బ్యాండ్లు మామూలుగానే వస్తే యాంటీబాడీలోని పెద్ద, చిన్న గొలుసులు తెగలేదు, వాటిని కలిపే డైసల్ఫైడ్ బంధాలే ఊడాయి.

సెంట్రిఫ్యూజ్‌లో, పంపుల్లో ప్రొటీన్‌ని తయారుచేసే సీహెచ్ఓ (చైనీస్ హామ్‌స్టర్ అండాశయ) కణాలు పగిలి, ఆ బంధాలను ఊడదీసే థయోరెడాక్సిన్ లాంటి ఎంజైములు బయటికి వస్తాయి. రాత్రి షిఫ్ట్‌లో హార్వెస్ట్‌ను ట్యాంకులో నింపి ఉదయం దాకా ఉంచితే ఆక్సిజన్ అయిపోతుంది, ఆ ఎంజైములకు అడ్డుండదు. ల్యాబ్‌లో వెంటనే ఫిల్టర్ చేస్తాం కాబట్టి ఇది కనిపించదు. నిల్వ ట్యాంకుకు గాలి అందించండి, హార్వెస్ట్‌ను చల్లబరచండి, ఆగే సమయం తగ్గించండి. కొన్ని ప్రాసెస్‌లలో కాపర్ సల్ఫేట్ కొద్దిగా కలుపుతారు. కానీ కణాలు పగలకుండా చూడటమే నాకు సరైన దారి అనిపిస్తుంది.

వైరస్ ఇనాక్టివేషన్ తర్వాత మసక

వైరస్‌లు ఉంటే పనిచేయకుండా పోయేలా పీహెచ్ 3.5 దగ్గర గంటసేపు ఉంచే మెట్టు ఇది. యాసిడ్‌లో యాంటీబాడీ మడతలు కొంత విప్పుకుని ఒకదానికొకటి అంటుకుంటాయి. మళ్లీ పీహెచ్ పెంచేటప్పుడు గాఢమైన బేస్ ఒక్కసారిగా పోస్తే అది పడిన చోట ఇంకా దెబ్బ. పలుచటి ట్రిస్ నెమ్మదిగా, బాగా కలుపుతూ పోయండి. పీహెచ్ కాస్త పెంచాలన్నా, సమయం తగ్గించాలన్నా వైరస్ వాలిడేషన్‌లో (వైరస్ పోతుందని పరీక్షించి నిరూపించడంలో) తేలిన హద్దు దాటకూడదు.

గడ్డకట్టించి కరిగించాక అగ్రిగేట్లు (ప్రొటీన్ ముద్దలు) పెరిగాయి

మొదట బఫర్ పేరు చదవండి. అది సోడియం ఫాస్ఫేట్ అయితే కారణం చాలావరకు దొరికినట్టే. చల్లబడేటప్పుడు డైసోడియం ఫాస్ఫేట్ ముందుగా స్ఫటికమైపోతుంది. దాంతో 7 దగ్గరున్న పీహెచ్ 4 దాకా కూడా పడిపోవచ్చు. పెద్ద బ్యాగుల్లో ఇంకో చిక్కు: అంచులు ముందు గడ్డకట్టి, ప్రొటీన్‌నీ ఉప్పునీ మధ్యకు నెట్టేస్తాయి. హిస్టిడిన్ బఫర్, సుక్రోజ్ లేదా ట్రెహలోజ్, వేగంగా గడ్డకట్టించడం, ఈ మూడూ కలిపి ప్రయత్నించండి. కరిగాక బాగా కలపకుండా పైనుంచి శాంపిల్ తీస్తే క్యూసీ (నాణ్యత పరీక్ష) ఫలితం తప్పుదారి పట్టిస్తుంది.

వయల్‌లో తెల్లటి పోగులు

గాలీ నీరూ కలిసే పొర మీద ప్రొటీన్ విప్పుకుంటుంది. గుడ్డు తెల్లసొన గిలకొడితే నురుగు గట్టిపడేది ఇందుకే. మే నెల ఎండలో నెల్లూరు మీదుగా చెన్నైకి పోయే వ్యాన్‌లో 2–8 డిగ్రీలు కాపాడినా కుదుపు మాత్రం ఆగదు. కాబట్టి షేక్ టెస్ట్ తప్పనిసరి. పరిష్కారం సాధారణంగా సబ్బు లాంటి పదార్థమైన పాలిసార్బేట్ 20 లేదా 80. ఇది ప్రొటీన్ కంటే ముందు ఆ పొరను ఆక్రమిస్తుంది. మొదట బాగుండి నెలల తర్వాత పోగులు వస్తే మాత్రం శుద్ధిలో మిగిలిన లైపేజ్ ఎంజైముల కోసం వెతకండి. అవి పాలిసార్బేట్‌ని కోసి కొవ్వు ఆమ్లాలు వదులుతాయి.

కాలేజీలో ఉన్నవాళ్లు దీన్ని ఇప్పుడే చూడొచ్చు. పలుచచేసి వడకట్టిన తెల్లసొనను రెండు ట్యూబుల్లో పోసి, ఎలైసా పరీక్షకి వాడే ట్వీన్ 20 (అదే పాలిసార్బేట్ 20) ఒకదాంట్లో కలిపి, రెండూ ఊపి, 350 నానోమీటర్ల దగ్గర మసక కొలవండి.

అన్నీ సరిచేసినా నెలల్లో మారుతోంది

ఇక సీక్వెన్సే, అంటే ప్రొటీన్‌లోని అమైనో ఆమ్లాల వరసే చూడాలి. ఆస్పరజిన్ పక్కన గ్లైసిన్ ఉంటే డీఅమిడేషన్ (దాని అమైడ్ భాగం ఊడిపోవడం), బయటికి కనిపించే మెథియోనిన్‌కి ఆక్సిడేషన్, జత లేని సిస్టీన్‌కి తప్పుడు బంధాలు. ఆల్డెస్‌ల్యూకిన్ (ఇంటర్‌ల్యూకిన్-2 మందు)లో 125వ సిస్టీన్‌నీ, ఇంటర్‌ఫెరాన్ బీటా-1బిలో 17వ సిస్టీన్‌నీ సెరీన్‌గా మార్చారు. ఐజీజీ4 రకం యాంటీబాడీలు ఒకదానితో ఒకటి సగాలు మార్చుకోకుండా 228వ సెరీన్‌ని ప్రోలిన్ చేస్తారు. మీ ఆస్పరజిన్ యాంటిజెన్‌ను పట్టుకునే భాగంలోనే ఉంటే మార్పుతో బైండింగ్ పోవచ్చు. అందుకే రెండు మూడు రకాలు చేసి, ఒక్కోదానికీ బైండింగ్ కొలిచి, 40 డిగ్రీల్లో కొన్ని వారాలు ఉంచి, తక్కువ పీహెచ్‌లోనూ పరీక్షించండి. ఇదంతా సెల్ లైన్ ఖరారు కాకముందే జరగాలి.