స్లాబ్ కాంట్రాక్ట్ మాట్లాడేటప్పుడు వినిపించే మాటలు, వాటి వెనక లెక్కలు

ఇల్లు కట్టించేవాళ్లు చాలామంది రేటు దగ్గర గంటసేపు బేరమాడతారు కానీ ఆ రేటులో ఏమేం వస్తాయో మాత్రం అడగరు. "అడుగుకి ఇంత సార్, అంతా నేనే చూసుకుంటా" అంటాడు మేస్త్రీ, మనం తలూపేస్తాం, పని సగంలో ఉండగా వైబ్రేటర్ (పోసిన కాంక్రీట్‌ని అదిరించి సర్దే యంత్రం) అద్దె మీదే అంటాడు.

ముందు తేల్చుకోవాల్సింది స్లాబ్ ఏరియా. గోడల వరకే కాదు, పైన కాంక్రీట్ పోసిన మేరంతా ఇందులోకి వస్తుంది. 30×40 ఇంటికి 1200 చదరపు అడుగులు అనుకుని కూర్చుంటే, ముందువైపు పొడుగునా 3 అడుగుల బాల్కనీకి ఇంకో 90 కలుస్తాయి. సన్‌షేడ్లు, మెట్లు, పిట్టగోడ ఎలా లెక్కేస్తారన్నది ఊరికో పద్ధతి, మేస్త్రీకో పద్ధతి, కాబట్టి కాగితం మీద పెట్టించండి. లేబర్ కాంట్రాక్ట్ (సామాను మనది, పని మాత్రం మేస్త్రీది) అయితే సెంట్రింగ్ షీట్లు (కాంక్రీట్ గట్టిపడేదాకా కింద ఆపే రేకులు), వాటిని మోసే జాకీలు, కాంక్రీట్ కలిపే మిల్లర్, వైబ్రేటర్, రాడ్లు కట్టే బైండింగ్ వైర్, రాడ్లను కింది షీటుకి తగలకుండా ఎత్తిపెట్టే కవర్ బ్లాకులు ఎవరు తెస్తారో ఒక్కొక్కటీ పేరు పెట్టి రాయాలి.

తర్వాత మందం. మెటీరియల్‌తో సహా ఇచ్చేస్తే డబ్బు ఎక్కువగా జారిపోయేది ఇక్కడే. 1200 అడుగుల స్లాబ్‌ను 5 అంగుళాలు పోస్తే 500 ఘనపుటడుగుల కాంక్రీట్, 4 అంగుళాలే పోస్తే 400. ఆ వంద ఘనపుటడుగుల తేడాలో ఎం20 గ్రేడు కాంక్రీట్ అయితే (ఇదేంటో కింద చెప్తాను) దాదాపు 22 బస్తాల సిమెంట్ ఉంటుంది, ఇసుక, కంకర వేరే. సీలింగ్ ప్లాస్టరింగ్ అయ్యాక ఎవడూ కొలవలేడు. పోసే రోజే ఒక చువ్వకి 5 అంగుళాల దగ్గర గీత పెట్టుకుని, పచ్చిగా ఉన్నప్పుడే నాలుగైదు చోట్ల దించి చూడండి, మేస్త్రీ మొహం మాడ్చుకున్నా సరే.

ఎం20 అంటే 28 రోజులకి చదరపు మిల్లీమీటరుకి 20 న్యూటన్ల బలం రావాల్సిన కాంక్రీట్. సైటు దగ్గర దీన్నే 1:1½:3 అంటారు, సిమెంట్ ఒక పాలు, ఇసుక ఒకటిన్నర, కంకర మూడు. ఎవరైనా 1:2:4 అంటే అది ఎం15, స్లాబ్‌కి ఒప్పుకోవద్దు. కాంక్రీట్ పనులకి మన దేశపు ప్రమాణమైన ఐఎస్ 456 ప్రకారం ఆర్‌సీసీకి (ఇనుము వేసి పోసే కాంక్రీట్‌కి) ఎం20 కంటే తగ్గకూడదు, సముద్రం దగ్గరి ఊళ్లలో ఇంకా పై గ్రేడు కావాలి, అది ఇంజనీరే చెప్పాలి. పాళ్లు సరిగ్గా వేసి నీళ్లు ధారాళంగా పోస్తే మళ్లీ మొదటికే వస్తుంది. ఎం20కి 50 కిలోల బస్తాకి 30 లీటర్లు మించకూడదు, తడి ఇసుకలో ఉన్న నీళ్లు కూడా అందులోనే. మాలు (కలిపిన కాంక్రీట్) జారుగా ఉంటే కూలీలకు సర్దడం తేలిక, అందుకే మిల్లర్ దగ్గర ఒక మనిషిని నిలబెట్టాలి.

ఇనుము సంగతికొస్తే, "10 ఎంఎం, 6 అంగుళాల సెంటర్ టు సెంటర్" అంటే ఒక రాడ్ మధ్య నుంచి పక్క రాడ్ మధ్యకి 6 అంగుళాలు. టేపు పెట్టి కొలిస్తే తెలిసిపోతుంది. కవర్ అంటే రాడ్ కింద ఉండాల్సిన కాంక్రీట్, మామూలు ఇంటి స్లాబ్‌కి 20 ఎంఎం. కవర్ బ్లాకుల బదులు కంకర రాళ్లు తోసేస్తుంటే ఆపించండి, కొన్నేళ్లకి సీలింగ్ పెచ్చులూడి తుప్పు రాడ్లు కనిపించేది ఇలాంటి ఇళ్లలోనే. చైర్లు అంటే పై వరస రాడ్లు కిందికి దిగకుండా పెట్టే వంపు రాడ్ ముక్కలు. బాల్కనీలో మెయిన్ రాడ్లు పైన ఉండాలి, ఎందుకంటే బరువుకి అక్కడ లాగుడు పడేది పైభాగంలోనే. మాలు మోసేవాళ్లు వాటి మీదే తొక్కుకుంటూ తిరుగుతారు, రాడ్లు అడుక్కి దిగిపోతాయి, అలా దిగిన రాడ్లు ఉన్నా లేనట్టే. నడవడానికి చెక్కలు వేయించండి.

క్యూరింగ్ అంటే పైప్‌తో రెండుపూటలా తడిపేయడం కాదు, మడులు కట్టి నీళ్లు నిలబెట్టడం. మామూలు ఓపీసీ సిమెంట్‌కి కనీసం 7 రోజులు, పీపీసీకి (బూడిద లాంటివి కలిపిన సిమెంట్‌కి; రకం బస్తా మీదే రాసి ఉంటుంది) 10, మండుటెండల్లో పీపీసీ అయితే 14. నీళ్లు పట్టే మనిషి ఎవరి తరఫున ఉంటాడో కూడా ముందే అనుకోవాలి.

సెంట్రింగ్ ఎప్పుడు విప్పుతారో కూడా రాయించండి. ఓపీసీతో పోసిన 4.5 మీటర్ల లోపు స్పాన్ (ఒక ఆధారం నుంచి ఇంకో ఆధారానికి దూరం) స్లాబ్‌కి కింది సపోర్టులు 7 రోజులు, అంతకు మించితే 14, బీములుంటే 14 నుంచి 21. పీపీసీ అయితే ఇంకొన్నాళ్లు ఆగడం మంచిది. షీట్లు వేరే సైటుకి కావాలని తొందరపెడతారు, వినొద్దు. స్లాబ్ డబ్బుల్లో ఆఖరి వాయిదా మాత్రం సెంట్రింగ్ విప్పాక, ప్లాస్టరింగ్‌కి ముందు, టార్చ్ వేసి కింది నుంచి చూశాకే ఇవ్వండి. రాడ్లు బయటపడినా, కంకర తేలి బొక్కలు కనిపించినా పైపైన సిమెంట్ పూయనివ్వకండి, ఇంజనీరుని పిలిచి చూపించాకే ఏం చేయాలో తేల్చండి.