కాగితం మీద నాన్‌లీనియర్ సమీకరణాలు – 4వ పాఠం: గీతలు కలిసిపోయాక

ప్రవాహంలో వేగం ఎలా మారుతుందో చెప్పే ఒక చిన్న సమీకరణం బర్గర్స్ సమీకరణం. పోయిన పాఠంలో దాంట్లోంచి జిగటను (లోపలి రాపిడిని) చూపే భాగాన్ని తీసేశాం. మిగిలింది ఒక్కటే సూత్రం: ప్రతి బిందువూ తన వేగాన్ని తానే మోసుకుపోతుంది. అంటే కొత్త స్థానం = మొదటి స్థానం + వేగం × కాలం.

గళ్ల కాగితం తీసుకోండి. అడ్డంగా స్థానం, నిలువుగా కాలం. పొలం గట్టు మీద ఒకరి వెనక ఒకరు మనుషులు ఉన్నారనుకోండి. 0 మీటర్ల గుర్తుకు వెనక ఉన్నవాళ్లంతా సెకనుకు 1 మీటరు నడుస్తున్నారు. 10 మీటర్లు దాటినవాళ్లు నిలబడిపోయారు. మధ్యలో వేగం సమానంగా తగ్గుతుంది. ఒక్కొక్కరి దారినీ ఒక గీతగా గీయండి. 4వ మీటరు దగ్గరున్నాయన వేగం 0.6. పది సెకన్లలో 6 మీటర్లు నడిచి సరిగ్గా 10కి చేరతాడు. 7 దగ్గరున్నాయనకు లెక్క వేయండి. ఆయనా 10కే! మధ్యలో ఉన్న అందరి గీతలూ ఒకే చుక్క దగ్గర కలిశాయి. ఆ తర్వాత సూత్రాన్ని అలాగే నడిపిస్తే ఒకే చోట మూడు వేగాలు వస్తాయి. ఎమ్మెస్సీలో నేను పెన్ను కింద పెట్టేసింది ఇక్కడే.

గణిత శాస్త్రవేత్త పీటర్ లాక్స్ పని మొదలుపెట్టిందే ఇక్కడ. 1926లో బుడాపెస్ట్‌లో పుట్టి, 1941 చివర్లో కుటుంబంతో అమెరికా చేరాడు. 1945లో, ఇంకా కుర్రాడే, సైన్యం తరఫున, అమెరికా అణుబాంబు తయారుచేసిన లాస్ అలమోస్‌కు వెళ్లాడు. అక్కడ షాక్ తరంగాలంటే (వేగం, పీడనం ఒక్కసారిగా మారిపోయే తరంగాలు) పుస్తకంలో లెక్క కాదు, బాంబు పని. తిరిగొచ్చి 1949లో న్యూయార్క్ విశ్వవిద్యాలయంలో గణిత ఆచార్యుడు ఫ్రీడ్రిక్స్ దగ్గర పీహెచ్‌డీ చేశాడు. ఉద్యోగ జీవితమంతా దాదాపు అక్కడే, ఆ విశ్వవిద్యాలయపు గణిత సంస్థ కూరంట్ ఇన్‌స్టిట్యూట్‌లోనే.

మళ్లీ కాగితానికి వద్దాం. మూడు విలువల ముక్కను చెరిపేసి, దాని బదులు వేగం ఒక్కసారిగా మారిపోయే ఒక గీత పెట్టండి. అదే షాక్. మన సమీకరణంలో దాని వేగం రెండు పక్కల వేగాల సగటు: 1, 0ల సగటు 0.5. పదో సెకనుకు 10 దగ్గర పుట్టిన షాక్ ముప్పయ్యో సెకనుకు 20 దగ్గర ఉంటుంది.

అసలు చిక్కు ఇప్పుడు వస్తుంది. వెనక వేగం 0, ముందు వేగం 1 పెట్టి చూడండి. ముందువాళ్లు వెళ్లిపోతున్నారు, మధ్యలో ఖాళీ పెరుగుతోంది. ఇక్కడా 0.5 వేగంతో షాక్ గీస్తే లెక్క సరిపోతుంది. విసనకర్రలా గీతలు పరిచి, వేగం = స్థానం ÷ కాలం అన్నా సరిపోతుంది. ఏది నిజం? 1957 నాటి వ్యాసంలో లాక్స్ పెట్టిన షరతు మన సమీకరణానికి ఇలా ఉంటుంది: వెనక వేగం షాక్ వేగం కన్నా ఎక్కువ, ముందు వేగం తక్కువ ఉండాలి. గీతలు షాక్‌లోకి వచ్చి ఆగాలి తప్ప షాక్‌లోంచి పుట్టకూడదు. 0 అనేది 0.5 కన్నా ఎక్కువ కాదు. ఆ షాక్‌ను కొట్టేయండి, విసనకర్రను ఉంచండి. ఇంత చిన్న షరతు కోసం అంత ఆలోచన అవసరమైందా అనిపిస్తుంది కానీ, వాయు ప్రవాహంలా చాలా సమీకరణాలు కలిసి ఉన్నచోట కూడా పనికొచ్చేలా చెప్పడమే ఆయన గొప్ప. 2005లో గణితంలో పెద్ద పురస్కారమైన ఏబెల్ బహుమతి వచ్చిన కృషిలో ఇదొక భాగం.

ఇంటిపని: వెనక 3, ముందు 1 పెట్టి షాక్ గీయండి, షరతు సరిచూడండి. తర్వాత రెండూ తారుమారు చేసి గీయండి. వచ్చే పాఠంలో వెనక షాక్ ముందు షాక్‌ను అందుకుంటే ఏమవుతుందో చూద్దాం. రెండు రంగుల పెన్సిళ్లు దగ్గర పెట్టుకోండి.