హాఫ్ డోమ్ ఎక్కడానికి పర్మిట్: దరఖాస్తు విధానం

కాలిఫోర్నియాలోని యోసెమిటీ నేషనల్ పార్కులో చాలా దారుల్లో పగటిపూట నడిచి రావడానికి విడిగా పర్మిట్ అక్కర్లేదు, ప్రవేశ రుసుము కడితే చాలు. హాఫ్ డోమ్ అలా కాదు. ఆ కొండ చివరి 400 అడుగులూ ఉక్కు కేబుళ్లు పట్టుకుని ఎక్కాలి. ఒకప్పుడు రద్దీ రోజుల్లో వాటి మీద జనం ఇరుక్కుపోయేవారు. అందుకే 2010లో వారాంతాలకు, 2011 నుంచి అన్ని రోజులకూ పర్మిట్ తప్పనిసరి చేశారు. ఇప్పుడు రోజుకు 300 మందికే అనుమతి. అందులో సుమారు 225 ఒక్క రోజులో వెళ్లి వచ్చేవాళ్లకు. అడవిలో రాత్రి బస చేసేవాళ్లు తమ వైల్డర్‌నెస్ పర్మిట్‌తో పాటే దీన్నీ అడగాలి.

ఈ పర్మిట్లు లాటరీ తీసి ఇస్తారు. ప్రధాన లాటరీకి దరఖాస్తు మార్చి 1 నుంచి 31 వరకు రిక్రియేషన్ డాట్ గవ్ సైట్‌లో పెట్టాలి. మొదటి రోజే పెట్టినా చివరి రోజు పెట్టినా అవకాశం ఒకటే, కాబట్టి టెన్షన్ పడకుండా తేదీలు ఆలోచించుకోండి. ఒక దరఖాస్తులో 6 మంది దాకా, ఎక్కువ ఇష్టమైనది ముందుండేలా 7 తేదీల దాకా ఇవ్వొచ్చు. ఏడింటినీ నింపండి, వాటిలో మంగళ, బుధవారాలు ఎక్కువ ఉండేలా చూసుకోండి. శనివారానికి పోటీ చాలా ఎక్కువ. దరఖాస్తుకు 10 డాలర్లు, అవి తిరిగి రావు. పర్మిట్ వస్తే మనిషికి మరో 10 డాలర్లు. ఫలితాలు ఏప్రిల్ మధ్యలో వస్తాయి.

ఎక్కువమంది పొరపాటు చేసేది పేర్ల దగ్గరే. ఫారంలో ట్రిప్ లీడర్ పేరు, ఆయన రాలేకపోతే బదులుగా వెళ్లే ఆల్టర్నేట్ పేరు అడుగుతారు. ఒక మనిషి పేరు ఈ రెండు స్థానాల్లో ఎక్కడైనా ఒక్కసారే ఉండాలి. అవకాశం పెరుగుతుందని భార్యాభర్తలు చెరొక దరఖాస్తు పెట్టి, ఒకరినొకరు ఆల్టర్నేట్‌గా రాసుకుంటే రెండూ రద్దవుతాయి. అలాగని ఆల్టర్నేట్ గడి ఖాళీగా వదలొద్దు. పర్మిట్ ఇంకొకరికి బదిలీ కాదు, పైన రేంజర్ అడిగినప్పుడు ఆ ఇద్దరిలో ఒకరు ఫొటో గుర్తింపు కార్డుతో అక్కడ ఉండాలి. లీడర్‌కు ఆ ఉదయం జ్వరం వస్తే మిగతా అయిదుగురూ ఆగిపోవాల్సి రావడం ఎంత బాధో ఊహించండి.

మార్చి లాటరీలో రాకపోతే రోజువారీ లాటరీ ఉంది. ఎక్కాలనుకున్న రోజుకు రెండు రోజుల ముందు, పసిఫిక్ కాలమానం ప్రకారం అర్ధరాత్రి నుంచి సాయంత్రం 4 గంటల లోపు దరఖాస్తు చేయాలి. అంటే శనివారానికి గురువారం. ఫలితం ఆ రాత్రికే మెయిల్‌లో వస్తుంది. వాతావరణం చూసుకుని పెట్టొచ్చు కనుక నాకైతే ఇదే మేలనిపిస్తుంది.

పర్మిట్‌ను ముందే ప్రింట్ తీసి ఉంచుకోండి, దారిలో ఫోన్ సిగ్నల్‌ను నమ్ముకోలేం. రానూపోనూ 14 నుంచి 16 మైళ్లు, ఎక్కే ఎత్తు సుమారు 4,800 అడుగులు, కాబట్టి తెల్లవారకముందే బయల్దేరాలి. ఉరుము వినిపించినా, రాయి తడిసినా పర్మిట్ చేతిలో ఉన్నా సరే కేబుళ్ల జోలికి వెళ్లొద్దు. వెర్నల్ ఫాల్ వంతెన దగ్గరి కుళాయి దాటాక శుద్ధి చేసిన నీళ్లు దొరకవు, సీసాలన్నీ అక్కడే నింపుకోండి.