బడి బీరువాలోంచి ఇంగ్లీషు – 4వ పాఠం: పుస్తకం మీద పెన్సిలు

బడి గ్రంథాలయం నుంచి నచ్చిన ఇంగ్లీషు కథల పుస్తకం తెచ్చుకొని రోజుకు పది పేజీలు చదవమని మూడో పాఠంలో చెప్పాను. నరసన్నపేట, బొబ్బిలి ప్రాంతాల నుంచి చాలామంది రెండో రోజుకే ఆగిపోయామని రాశారు. పుస్తకం ఎంత తేలికగా ఉండాలో చెప్పకపోవడం నా పొరపాటే.

కొలత ఇది: మధ్యలో ఏదో ఒక పేజీ తెరిచి 100 మాటలు లెక్కపెట్టండి, తెలియనివి రెండు దాటితే ఆ పుస్తకం బీరువాలో పెట్టేసి ఇంకా సన్ననిది తీయండి. ఎవరి సాయమూ లేకుండా అర్థం కావాలంటే నూటికి 98 మాటలు తెలిసి ఉండాలని హూ, నేషన్ అనే పరిశోధకులు 2000లో ప్రచురించిన అధ్యయనంలో తేల్చారు. పదో తరగతి వారికైనా నేను మొదట బొమ్మలున్న 16 పేజీల పుస్తకాన్నే చేతికిస్తాను.

నిఘంటువు చూడడం మీకు తెలిసిందే. నన్ను బాధపెట్టేది పెన్సిలు. ఈమధ్య ఒక బడిలో తిరిగివచ్చిన పుస్తకం తెరిస్తే, ‘హీ గేవ్ అప్ హిజ్ జాబ్’ అన్న వాక్యంలో ‘గేవ్’ నెత్తిన ‘ఇచ్చెను’ అనీ, ‘అప్’ నెత్తిన ‘పైకి’ అనీ, ‘జాబ్’ నెత్తిన ‘ఉద్యోగము’ అనీ రాసి ఉంది. విడివిడిగా మూడూ తప్పు కావు, కానీ కథలో ఆ మనిషి ఉద్యోగం మానేశాడు. ‘లుక్ ఆఫ్టర్’ మీద ‘చూచు, తరువాత’ అని ఉంది. అక్కడ నాయనమ్మ పసిబిడ్డను సాకుతోంది. ‘రన్ అవుట్ ఆఫ్ రైస్’ అంటే బియ్యం నిండుకున్నాయని. పరుగుతో దానికి పనిలేదు. పైగా తెలుగు అక్షరం కనబడితే మన కన్ను దాని మీదకే పోతుంది, కింద ఉన్న ఇంగ్లీషు మాట చదవకుండానే వాక్యం దాటిపోతాం. ఆ తరువాత పుస్తకం తీసుకొన్న పిల్లవాడు మన తప్పునే నేర్చుకొంటాడు. అందువల్ల కొత్త మాటను వాక్యంతో సహా మీ నోటుపుస్తకంలో ఎక్కించుకోండి, అర్థం ఆ వాక్యం మొత్తానికి రాయండి.

2020-21 నుంచి మన ఆంధ్రప్రదేశ్‌లో వస్తున్న ద్విభాషా పాఠ్యపుస్తకాల విషయంలోనూ ఇదే పద్ధతి పాటించండి: ఇంగ్లీషు పేజీ పూర్తయ్యేదాకా ఎదుటి తెలుగు పేజీని కాగితంతో మూసి ఉంచండి.

అభ్యాసం: వారంలో ఏడు సన్నని పుస్తకాలు చదవండి. ఏడోది మూసి, నిఘంటువు ముట్టకుండా ఆ కథను 20 ఇంగ్లీషు వాక్యాల్లో రాయండి. ఏ పుస్తకంలోనైనా పాత పెన్సిలు రాతలు కనబడితే రబ్బరుతో తుడిచి, అప్పుడే బీరువాలో పెట్టండి.