ఎనిమిది జట్ల చేతులు మారిన ఆటగాడి కెరీర్ షీటు చదవడం ఎలా?

మొన్న జడ్చర్లలో బస్సు కోసం ఆగినప్పుడు చాయ్ హోటల్లో మా బామ్మర్దికి ఫోన్లో ఒక బేస్‌బాల్ ఆటగాడి కెరీర్ షీటు చూపించాను. వాడు సాసర్లో చాయ్ ఊదుకుంటూ, రెండో చేత్తో షీటును పైనుంచి కిందికి ఒకసారి జరిపి, "బావా, ఎక్కడా అయిదేండ్లు కుదురుగ లేడు గదా, ఇన్ని టీములు మారిండంటే పనికిరానోడే" అని తేల్చేశాడు.

ఆ షీటు వెనిజులా ఆటగాడు మార్కో స్కుటారోది. (పేరు చెప్పగానే "స్కూటరా?" అన్నాడు, అది వేరే సంగతి.) వాడిని తప్పుపట్టి లాభం లేదు, మొదటిసారి చూసినప్పుడు నేనూ అలాగే అనుకున్నాను. అమెరికాలో మనుమలు బేస్‌బాల్ ఆడటం మొదలుపెట్టాక నల్గొండలో, పాలమూరులో తాతలు కూడా ఈ ఆట గురించి అడుగుతున్నారు కాబట్టి, ఇలాంటి షీటు దొరికితే ఎక్కడ మొదలుపెట్టాలో, దేన్ని నమ్మాలో, దేన్ని వదిలేయాలో నాకు తెలిసినంతవరకు చెప్తాను. ఒక పాత నోట్‌బుక్, పెన్ను దగ్గర పెట్టుకోండి.

ముందు అంకెల జోలికి పోకండి. పైన పుట్టిన తేదీ, మొదటి సంతకం తేదీ ఉంటాయి, ఆ రెండూ రాసుకోండి. స్కుటారో 1975 అక్టోబర్ 30న యారకుయ్ రాష్ట్రంలోని సాన్ ఫెలిపేలో పుట్టాడు, 1994లో క్లీవ్‌లాండ్ జట్టుతో సంతకం చేశాడు. అంటే 18 ఏళ్ళకు. ఇప్పుడు మేజర్ లీగ్‌లో (అమెరికా బేస్‌బాల్లో అన్నిటికన్నా పై లీగ్) మొదటి మ్యాచ్ తేదీ వెతకండి: 2002 జులై 21. మధ్యలో ఎనిమిదేళ్ళు! ఇక్కడే చాలామంది "ఎనిమిదేళ్ళు ఛాన్సు రాలేదంటే ఆట రానట్టే" అనుకుంటారు. అలా అనుకునే ముందు ఒక పని చేయండి, ఆ ఏళ్ళల్లో అదే జట్టులో అదే స్థానంలో ఎవరున్నారో చూడండి. క్లీవ్‌లాండ్‌లో అప్పుడు షార్ట్‌స్టాప్‌గా (రెండో, మూడో బేస్‌ల మధ్య నిలబడే ఫీల్డర్) ఒమర్ విజ్కెల్ ఉన్నాడు, అతనూ వెనిజులావాడే, ఆ తరంలో చేతులకు అంత పేరున్న ఫీల్డర్ ఇంకొకడు దొరకడం కష్టం. 1999 నుంచి సెకండ్ బేస్‌లో రాబర్టో అలొమార్. ఇద్దరూ ఊపుమీద ఉన్నారు. ఇక కుర్రాడు ఎక్కడ నిలబడాలి? కింది లీగులో బఫెలో జట్టుకు ఆడుకుంటూ ఉండిపోయాడు. షీటులో "ఎ‌ఎ‌ఎ" అని కనిపించే వరసలు అవే, మేజర్ లీగ్‌కు ఒక మెట్టు కిందివి.

ఇప్పుడు అసలు పని. జట్టు మారిన ప్రతిచోటా పక్కన ఒక మాట రాయండి: "వాళ్ళు" లేదా "తను". అంటే ఆ మార్పు ఎవరు నిర్ణయించారు అని. నేను చెప్పే పద్ధతి మొత్తం ఇదే, మిగతాదంతా దీనికి తోడు.

మన దిక్కు మనిషి పదిచోట్ల పని చేశాడంటే పని రానోడని ఎవరూ అనుకోరు. మేస్త్రీ ఎక్కడికి తోలుకపోతే అక్కడికి పోయాడు, ఒక ఏడు బొంబాయి, ఒక ఏడు పుణె, అడ్వాన్సు తీసుకున్నాక మాట మేస్త్రీదే. బేస్‌బాల్లో కొత్త ఆటగాడి పరిస్థితి కూడా చాలా ఏళ్ళు అంతే. మేజర్ లీగ్‌లో ఆరేళ్ళ సర్వీసు నిండేదాకా తన జట్టును తను ఎంచుకోలేడు. ఒక్క ఏడు సర్వీసుకు 172 రోజులు లెక్క. కింది లీగులో గడిపిన రోజులు అందులో కలవవు, కాబట్టి స్కుటారో ఎనిమిదేళ్ళు చెమటోడ్చినా ఈ ఖాతాలో పడింది సున్నా.

మార్పులు మూడు రకాలు. ట్రేడ్ అంటే రెండు జట్లు ఆటగాళ్ళను మార్చుకోవడం. వేవర్స్ అంటే "మాకు వీడితో పని లేదు, ఎవరికైనా కావాలంటే తీసుకోండి" అని ఒక జట్టు మిగతా జట్ల ముందు పెట్టడం. ఫ్రీ ఏజెన్సీ అంటే ఆరేళ్ళు నిండాక ఆటగాడే బేరమాడుకొని పోవడం. మొదటి రెండూ "వాళ్ళు", మూడోది "తను".

స్కుటారో షీటు మీద ఇది పెట్టి చూడండి. 2000లో క్లీవ్‌లాండ్ నుంచి మిల్వాకీకి ట్రేడ్. ఇది ఇంకా విచిత్రం, రిచీ సెక్సన్ అనే పెద్ద హిట్టర్ చుట్టూ జులైలో జరిగిన బేరంలో "ఇంకొక ఆటగాడి పేరు తర్వాత చెప్తాం" అని ఒక షరతు ఉంది, ఆగస్టు చివర్లో ఆ పేరు మనవాడిదని తేలింది. పెండ్లి మాటల్లో "మిగతాది తర్వాత చూసుకుందాం తీయండి" అంటారే, ఆ మిగతాది ఈయన. మిల్వాకీ అతన్ని మేజర్ లీగ్‌లో ఒక్క మ్యాచ్ కూడా ఆడించలేదు. 2002 ఏప్రిల్‌లో న్యూయార్క్ మెట్స్ వేవర్స్ మీద తీసుకుంది, అక్కడే 26 ఏళ్ళ వయసులో మొదటి మ్యాచ్ దొరికింది. రెండేళ్ళు కలిపినా వంద మ్యాచ్‌లు లేవు. 2003 అక్టోబర్‌లో మళ్ళీ వేవర్స్, ఈసారి ఓక్లాండ్. నాలుగేళ్ళ తర్వాత టొరంటోకు ట్రేడ్. అన్నీ "వాళ్ళు", "వాళ్ళు", "వాళ్ళు".

మొదటి "తను" ఎప్పుడు వచ్చిందో చూడండి: 2009 డిసెంబర్, బోస్టన్ రెడ్ సాక్స్, రెండేళ్ళకు 1.25 కోట్ల డాలర్లు. అప్పటికి వయసు 34. ఆ తర్వాత 2012 జనవరిలో కొలరాడోకు ట్రేడ్, అదే ఏడు జులైలో శాన్ ఫ్రాన్సిస్కోకు ఇంకో ట్రేడ్, ఏడాది చివర మళ్ళీ "తను", అదే శాన్ ఫ్రాన్సిస్కోతో మూడేళ్ళకు 2 కోట్ల డాలర్లు. మొత్తం ఎనిమిది జట్ల చేతుల్లోంచి పోయాడు, మేజర్ లీగ్‌లో ఆడింది ఆరింటికి, స్వయంగా బేరమాడి సంతకం పెట్టింది రెండింటికే. మా బామ్మర్దికి ఇది వివరించేసరికి చాయ్ చల్లారింది.

ఇప్పుడు అంకెలు. క్రికెట్ అలవాటున్నవాళ్ళు ఇక్కడ బోల్తా పడతారు. బ్యాటింగ్ సగటు .277 అని ఉంటే 27.7 పరుగులు కాదు, వెయ్యిసార్లు బ్యాటు పట్టుకుంటే 277 సార్లు హిట్ కొట్టాడని, అంటే బంతిని కొట్టి అవుట్ కాకుండా బేస్ చేరాడని. స్కుటారో కెరీర్ సగటు అదే. "అంటే నాలుగింట మూడుసార్లు ఫెయిలా?" అని భయపడకండి, ఈ ఆటలో పదింట మూడుసార్లు కొడితే మొనగాడి కిందే లెక్క. ఇంకొకటి, నాలుగు చెడ్డ బంతులు వదిలేసి నడుచుకుంటూ మొదటి బేస్‌కు పోతే దాన్ని వాక్ అంటారు, అది ఈ సగటులో లెక్కలోకి రాదు. అందుకని సగటు ఒక్కటే చూస్తే కళ్ళు మోసపోతాయి. 2009 టొరంటో వరసలో సగటు .282, పక్కనే 90 వాక్‌లు, 100 పరుగులు ఉన్నాయి. ఓపికపట్టే ఆటగాడని ఆ 90 చెప్తుంది. కెరీర్ మొత్తంలో హోమ్ రన్‌లు (మన సిక్సర్ లాంటివి) 77 మాత్రమే, కాబట్టి బలం మీద బతికినవాడు కాదు. స్ట్రైకౌట్ల (మూడు స్ట్రైకులు పడి అవుటైనవి) గడి కూడా చూడండి: 2012లో 620 అట్‌బ్యాట్లకు (వాక్‌లు కలపని బ్యాటింగ్ ఛాన్సులు) 49. బంతి కనిపిస్తే బ్యాటుకు తగలాల్సిందే అన్న రకం. సిక్సర్లు కొట్టడు కానీ ఓవర్లో ఒక్క బంతి కూడా వృథా పోనివ్వడు అని మనం ఒకడిని అంటామే, అలాంటివాడు.

స్థానాల గడిలో 4, 5, 6 అనే అంకెలు కనిపిస్తాయి. అవి స్కోరు కాదు. 4 సెకండ్ బేస్, 5 థర్డ్ బేస్, 6 షార్ట్‌స్టాప్. మూడూ కనిపిస్తే ఎవరికి దెబ్బ తగిలినా ఆ స్థానంలో నిలబడే మనిషి అని అర్థం. 2004లో ఓక్లాండ్‌లో ఇతనికి నిండా ఆట దొరకడానికి కారణం ఆ జట్టు సెకండ్ బేస్ ఆటగాడు మార్క్ ఎలిస్ భుజం గాయంతో ఏడాదంతా కూర్చోవడం. షీటులో కారణం ఉండదు, మ్యాచ్‌ల సంఖ్య ఒక్కసారిగా పెరిగితే మీరే వెతకాలి. ఒకే స్థానంలో, పూర్తిస్థాయి షార్ట్‌స్టాప్‌గా స్థిరపడింది 33 ఏళ్ళ వయసులో, ఆ 2009లోనే.

రెండు జట్ల పేర్లున్న ఏడు దగ్గర జాగ్రత్త. నేను మొదటిసారి 2012 హిట్లు కూడితే 380 వచ్చాయి, ప్రపంచ రికార్డేమో అని కాసేపు సంబరపడ్డాను. సంగతి ఏమిటంటే అక్కడ మూడు వరసలుంటాయి: కొలరాడోకు 102, శాన్ ఫ్రాన్సిస్కోకు 88, పైన మొత్తం 190. నేను మూడూ కలిపేశాను. మొత్తం వరసను పక్కన పెట్టి మిగతా రెండింటిని ఎదురెదురుగా పెట్టి చూడండి. కొలరాడోలో 95 మ్యాచ్‌లు, సగటు .271. శాన్ ఫ్రాన్సిస్కోలో 61 మ్యాచ్‌లు, .362! మనిషి అదే, బ్యాటు అదే, ఏడు అదే. వయసు 36. షీటులో ఇలాంటి ఎగుడుదిగుడు కనిపిస్తే మీరు అక్కడ ఆగాలి, ఆ రోజుల వీడియోలు వెతకాలి.

పోస్ట్‌సీజన్ (లీగ్ మ్యాచ్‌లు అయ్యాక కప్పు కోసం జరిగే ఆటలు) పట్టిక వేరేగా, చాలా కిందికి ఉంటుంది. చాలామంది అక్కడిదాకా పోరు. స్కుటారోను చదవాలంటే అక్కడికి పోకపోతే ఏమీ చదవనట్టే. 2012 నేషనల్ లీగ్ ఛాంపియన్‌షిప్ సిరీస్, అంటే వరల్డ్ సిరీస్ అనే ఫైనల్‌కు ముందు మెట్టు, ఏడు మ్యాచ్‌ల్లో నాలుగు గెలవాలి. ఎదురుగా సెయింట్ లూయిస్. రెండో మ్యాచ్ మొదటి ఇన్నింగ్స్‌లోనే మాట్ హాలిడే అనే భారీ మనిషి డబుల్ ప్లే (ఒకే బంతికి ఇద్దరిని అవుట్ చేయడం) ఆపడానికి సెకండ్ బేస్ దాటి వచ్చి మరీ ఇతని కాళ్ళ మీద పడ్డాడు. వీడియో చూస్తే తుంటి విరిగిందనే అనుకుంటాం. స్కుటారో లేచాడు, కుంటుకుంటూ ఆడాడు, నాలుగో ఇన్నింగ్స్‌లో బేస్‌లు నిండి ఉన్నప్పుడు హిట్ కొట్టాడు, తర్వాత ఎక్స్‌రేకు పోయాడు. తర్వాతి మ్యాచ్‌కు మళ్ళీ మైదానంలో ఉన్నాడు. జట్టు 3-1తో వెనకబడి కూడా ఏడో మ్యాచ్‌దాకా లాక్కొచ్చింది. ఆ ఏడో మ్యాచ్ జరిగే టైముకు మనకు అక్టోబర్ 23 పొద్దున, తెల్లారితే దసరా. అక్కడ ఆఖరి ఇన్నింగ్స్‌లో కుండపోత వాన. స్కుటారో ఆ వానలో చేతులు చాపి, ముఖం ఆకాశానికి ఎత్తి నవ్వుతున్నాడు, కార్తెలు తప్పాక ఆలస్యంగా పడ్డ వానలో దేవరకొండ దిక్కు రైతు నిలబడినట్టు. ఆఖరి బంతి గాల్లోకి లేచింది, కొట్టింది అదే హాలిడే, పట్టింది ఇతనే. ఇలాంటివి ఎవరైనా కథలో రాస్తే నమ్మం. ఆ సిరీస్‌లో 28 అట్‌బ్యాట్లకు 14 హిట్లు, సరిగ్గా .500, సిరీస్ ఉత్తమ ఆటగాడు. వారం తిరక్కముందే డెట్రాయిట్‌లో వరల్డ్ సిరీస్ నాలుగో మ్యాచ్ పదో ఇన్నింగ్స్‌లో కప్పు తెచ్చిన హిట్ కూడా ఇతనిదే.

పట్టికలో అస్సలు కనిపించనిది కూడా ఒకటి చెప్తాను. 2007 ఏప్రిల్ 15, ఓక్లాండ్. ఎదురుగా న్యూయార్క్ యాంకీస్, బంతి ఆఖర్లో వేయడంలో పేరుమోసిన మరియానో రివేరా చేతిలో, ఆఖరి ఇన్నింగ్స్, రెండు అవుట్లు, రెండు స్ట్రైకులు (మూడో అవుటో, మూడో స్ట్రైకో పడితే ఆట అయిపోయినట్టే), ఓక్లాండ్ రెండు పరుగులు వెనక. స్కుటారో కొట్టిన బంతి ఎడమవైపు ఫౌల్ పోల్‌కు (మైదానం హద్దు మీద నిలబెట్టిన స్తంభం) తగిలింది, అంటే హోమ్ రన్, మూడు పరుగులు, 5-4తో మ్యాచ్ అయిపోయింది. షీటులో ఇది ఆ ఏడు హోమ్ రన్‌ల సంఖ్యలో ఒకటి, అంతే. అందుకే మ్యాచ్ లాగ్ అనే లింకు కూడా ఒకసారి తెరవమంటాను.

చివరి వరసలు త్వరగా అయిపోతాయి. 2013లో ఎడమ చిటికెన వేలికి బంతి తగిలి కొస వంగిపోయినా .297 సగటు, 37 ఏళ్ళకు మొదటిసారి ఆల్‌స్టార్ (ఆ ఏటి మేటి ఆటగాళ్ళ మ్యాచ్‌కు ఎంపిక). 2014లో నడుము పట్టేసింది, 5 మ్యాచ్‌లు. ఆ డిసెంబర్‌లో వెన్నెముకకు ఆపరేషన్. కాంట్రాక్టు డబ్బు గ్యారంటీ కాబట్టి ఆడని ఏడుకు కూడా జీతం ఆగలేదు, మన మేస్త్రీల కన్నా ఆ ఒక్క విషయంలో వాళ్ళు నయం.

ఇక చేయి తిరగాలంటే రెండో షీటు తీసుకోండి. నేనైతే అస్‌ద్రుబాల్ కబ్రేరాది చూడమంటాను, అతనూ వెనిజులావాడే, బేస్‌ల దగ్గర ఆడే ఇన్‌ఫీల్డరే, అతనూ చాలా జట్లు తిరిగాడు, 2019లో వాషింగ్టన్‌తో వరల్డ్ సిరీస్ గెలిచాడు. "వాళ్ళు", "తను" రాసుకుంటూ పోయి, 2008 మే 12 దగ్గర రెండు షీట్లూ పక్కపక్కన పెట్టండి. క్లీవ్‌లాండ్‌లో టొరంటోతో ఆట, కబ్రేరా క్లీవ్‌లాండ్ తరఫున సెకండ్ బేస్ దగ్గర ఉన్నాడు. వచ్చిన బంతిని గాల్లోనే పట్టాడు, ఒకటి. ఆ బేస్ వదిలి ముందుకు పోయినవాడు వెనక్కి రాకముందే దాని మీద కాలు పెట్టాడు, రెండు. మొదటి బేస్ నుంచి పరుగెత్తుకొచ్చిన మనిషిని బంతితో తాకాడు, మూడు. ఎవరి సాయం లేకుండా ఒక్కడే మూడు అవుట్లు చేయడం మేజర్ లీగ్ చరిత్రలోనే చాలా అరుదు. మూడోగా అవుటైన ఆ మనిషి మన స్కుటారోనే, పద్నాలుగేళ్ళ కిందట తనతో మొదటి సంతకం పెట్టించుకున్న జట్టు మైదానంలో.